టైపు మేడమ్ ప్రోగ్రాం ఎందుకు నడవలేదు

పైథాన్ కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎక్కడెక్కడ పడిపోతారో నేను కళ్లు మూసుకుని చెప్పగలను. లైను చివర రెండు చుక్కలు పెట్టడం మరిచిపోతారు. తెరిచిన కొటేషన్ మూయరు. ప్రింట్ అనే మాటను పెద్ద అక్షరంతో మొదలుపెట్టి, ఎందుకు రాలేదని తల పట్టుకుంటారు. ఎనిమిదేళ్లు ఇవే తప్పులు దిద్దాను. నేను రిటైరైన రోజు మాట్లాడినవాళ్లలో ఒకాయన, "సార్ దగ్గరికి తప్పు తీసుకుపోతే దొరకకుండా పోదు" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. దొరకని తప్పు ఒకటుందని ఆ హాల్లో నాకొక్కడికే గుర్తుంది. అది మరిచిపోని రెండో మనిషిని ఆ సభకు ఎవరూ పిలవలేదు.

నెల్లూరు నుంచి సముద్రం వైపు పోయే దారిలో ఒక ప్రైవేటు పాలిటెక్నిక్‌లో నేను ఎలక్ట్రానిక్స్ లెక్చరర్‌ని. ట్రాన్సిస్టర్లు చెప్పుకుంటూ తల నెరిశాక మా బ్రాంచిలో పిల్లలు చేరడం తగ్గిపోయింది. ఒకరోజు ప్రిన్సిపాల్ పిలిచి, "ఇక మీదట మీరు పైథాన్ చెప్పండి సార్" అన్నారు. రాదు అంటే ఇంటికి పొమ్మంటారేమోనని సరేనన్నాను. వీడియోలు చూసి, పుస్తకం కొని, ఈరోజు నేర్చుకున్నది రేపు పాఠం చెప్పేవాణ్ణి. పిల్లలకంటే ఒక్క అధ్యాయం ముందుండేవాణ్ణి, అంతే. ఆ సంగతి ఎవరికీ తెలియకూడదని నేను పడ్డ పాట్లలో సగం పాఠం మీద పడి ఉంటే మంచి మాస్టారినే అయ్యేవాణ్ణి.

మా కాలేజీలో టైపు నేర్పే ఆవిడ ఒకరుండేవారు. అందరూ ఆమెను టైపు మేడమ్ అనేవారు. యాభై దాటిన మనిషి, ఇందుకూరుపేట అవతల ఒక పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చేవారు. ఆదివారాలు వాళ్ల చర్చిలో పాటల కాగితాలు టైపు చేసేదీ ఆవిడే. కోర్టు గుమస్తాలు, స్టెనోలు, బ్యాంకు ఉద్యోగులు ఎంతమంది ఆవిడ చేతికింద నేర్చుకున్నారో లెక్కలేదు. టైపు మిషన్లు మూలన పడి కంప్యూటర్లు వచ్చాక కూడా కాలేజీ సర్క్యులర్లన్నీ ఆవిడే కొట్టేవారు. స్టాఫ్ రూములో కూర్చున్నా పక్క గదిలో ఆమె వేళ్ల చప్పుడు వినపడేది. ఆగి ఆగి కొట్టినట్టుండేది కాదు, ధారగా వచ్చేది.

తర్వాత టైపు కోర్సు తీసేశారు. ఆ గదికి తాళం పడింది. తనిఖీకి వచ్చేవాళ్లకు చూపించాలి కాబట్టి ల్యాబు సిబ్బంది అందరికీ పైథాన్ సర్టిఫికెట్ ఉండాలని యాజమాన్యం నిర్ణయించింది. పరీక్ష పెట్టడానికి బయటి నుంచి ఒకాయన వస్తాడు. పాసైన వాళ్లు కంప్యూటర్ ల్యాబులో ఉంటారు. కానివాళ్లు హాస్టల్ స్టోరుకి పోవాలి, బియ్యం మూటలు, నూనె డబ్బాలు చూసుకోవడానికి. పదకొండు మందికి మూడు నెలలు శిక్షణ ఇచ్చే పని నాకప్పగించారు.

మొదటి రోజే టైపు మేడమ్ ముందు వరసలో కూర్చున్నారు. పైథాన్‌లో కొన్ని లైన్లు లోపలికి జరిపి రాయాలి, లేకపోతే నడవదు. కుర్రవాళ్లకు అది ఎక్కడానికి వారం పట్టింది. ఆవిడకు ఒక్క నిమిషం పట్టలేదు.

"పేరా మొదలుపెట్టేటప్పుడు జరుపుతాం కదా సార్, అట్టాంటిదే కదా? ఏ లైను ఎవరి కిందిదో తెలియాల."

"అంతే మేడమ్" అన్నాను. నిజానికి అంత తేలిగ్గా నేను చెప్పలేకపోయాను.

ఆవిడ కన్ను ప్రూఫులు దిద్దిన కన్ను. పక్కవాడి స్క్రీన్ మీద కామా లేకపోతే అంత దూరం నుంచి కనిపెట్టేవారు. కొన్నాళ్లకి మిగతావాళ్లు తప్పు వస్తే నన్ను పిలవడం మానేసి, "మేడమ్, ఇది చూడండి" అనడం మొదలుపెట్టారు. నాకది నచ్చలేదు. నచ్చలేదని అప్పుడు ఒప్పుకునేవాణ్ణి కాదు, ఇప్పుడు చెబుతున్నాను.

అంత చక్కగా పట్టుకున్న మనిషికి సొంత ప్రోగ్రాములు మాత్రం ఒకరోజు నడిచేవి, ఒకరోజు నడిచేవి కావు. కంప్యూటర్లు తక్కువ, ఇద్దరికి ఒకటి. పక్కనున్న కుర్రాడు కీబోర్డు తీసుకున్న రోజు ఏ ఇబ్బందీ ఉండేది కాదు. ఆవిడ కొట్టిన రోజు స్క్రీన్ మీద ఎర్రక్షరాలు వచ్చేవి. ఆ పేరు గలది ఏదీ ఇంతకుముందు చెప్పలేదు అని దాని అర్థం. ఏ పేరు అని చూస్తే కొటేషన్ల మధ్య ఒకటి అంకె కనిపించేది.

ఒకటేమిటి, తెలియకపోవడమేమిటి? నేనెప్పుడూ అలాంటిది చూడలేదు. పుస్తకంలో వెతికాను, లేదు.

"మళ్లా కొట్టండి మేడమ్" అన్నాను.

ఆవిడ మళ్లీ కొట్టారు. అదే తప్పు. నేను కుర్చీ లాక్కుని ఆ ప్రోగ్రామే నా చేత్తో కొట్టాను. చక్కగా నడిచింది. రెండూ పక్కపక్కన పెట్టి చూశాం. అక్షరం అక్షరం ఒక్కటే.

"ఎట్ట సార్? మీరు కొడితే వస్తుండాది, నేను కొడితే రాలా" అన్నారావిడ.

అందరూ చూస్తున్నారు. నాకు తెలియదని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. నవ్వుతూ, "మీ కంప్యూటర్‌కి ఒకటంటే ఏందో తెలీదంట మేడమ్. దాన్ని ఎల్‌కేజీలో చేర్చండి" అన్నాను.

గదంతా గొల్లుమంది. ఆవిడ కూడా నవ్వారు. మర్నాటికి ఆవిడ పేరు ఎల్‌కేజీ మేడమ్ అయింది. పక్క బ్రాంచి పిల్లలు కూడా వెనక నుంచి అనేవాళ్లు. నా జోకు అంతగా అందుకుంటారని నేననుకోలేదు, కానీ ఆపమని ఎవరికీ చెప్పలేదు కూడా.

కంప్యూటర్ సైన్సులో ఒక చిన్నమ్మాయి గెస్టు లెక్చరర్‌గా ఉండేది. ఆమె ఒకరోజు స్టాఫ్ రూములో నా బల్ల దగ్గరికి వచ్చి, "సార్, టైపు మేడమ్ ఫైలు ఒకసారి నేను చూడనా? అక్షరాల్లో ఏదో ఉన్నట్టుంది" అంది.

"అక్కర్లేదమ్మా. ఆవిడ తొందరపడతారు, అదే సమస్య" అన్నాను.

ముప్ఫయ్యేళ్లు టైపు నేర్పిన మనిషి గురించి, టైపు చేయడంలో తొందరపడతారని అన్నాను. ఆ అమ్మాయి వెళ్లిపోయింది. ఆమెకు చూపించి ఉంటే పది నిమిషాల్లో తేలిపోయేది. కానీ నాకు దొరకనిది గెస్టు లెక్చరర్‌కు దొరికితే స్టాఫ్ రూములో నా ముఖం ఎక్కడ పెట్టుకోను అనుకున్నాను.

ఆవిడ ఊరుకోలేదు. ఆదివారం చర్చి అయ్యాక పాస్టరు గారి గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని సాధన చేసేవారట. సోమవారం ఒక నోటు పుస్తకం తెచ్చి చూపించేవారు. ప్రతి ప్రోగ్రామూ ముత్యాల్లాంటి చేతిరాతతో, ఏ లైను ఏం చేస్తుందో పక్కన తెలుగులో రాసుకున్నారు. దాంట్లో తప్పు పట్టడానికేమీ లేదు. "బాగుంది మేడమ్, సాధన చేయండి" అని తిరిగి ఇచ్చేసేవాణ్ణి.

పరీక్ష పొద్దున పదింటికి. వచ్చినాయన కుర్రవాడు, మర్యాదస్థుడు. ఊరూరా తిరిగి పరీక్షలు పెట్టడమే పని, పైథాన్ మరీ లోతుగా వచ్చినట్టు లేదు. ప్రశ్న చాలా చిన్నది: ఏదైనా ఒక అంకె అడిగి, దాని ఎక్కం ఒకటి నుంచి పది వరకు చూపించాలి. ముందు కాగితం మీద రాసి ఇచ్చి, తర్వాత కంప్యూటర్‌లో నడిపించాలి.

టైపు మేడమ్ అందరికంటే ముందు కాగితం ఇచ్చేశారు. అందరికంటే ముందు టైపు చేసేశారు. తర్వాత ఆ చప్పుడు ఆగిపోయింది. నేను తల తిప్పకుండానే సంగతి అర్థమైంది.

మొత్తం చెరిపి మళ్లీ కొట్టారు. మళ్లీ ఆగింది. మూడోసారి ఒక్కొక్క అక్షరం చూసి చూసి, నేర్చుకునే పిల్లలా కొట్టారు. ఆవిడ అంత నెమ్మదిగా టైపు చేయడం నేనెప్పుడూ వినలేదు.

"సార్, ఒక్కసారి ఇటు రాండి" అన్నారు.

వెళ్లి వెనక నిలబడ్డాను. అవే ఎర్రక్షరాలు.

"పరీక్షలో నేను చెప్పకూడదు మేడమ్" అన్నాను. నియమం అదే, అబద్ధం కాదు. ఆ నియమం లేకపోతే నేనేం చెప్పేవాణ్ణో నాకే తెలియదు.

కాసేపటికి పరీక్షకొచ్చినాయన నన్ను వరండాలోకి పిలిచాడు. చేతిలో ఆవిడ కాగితం ఉంది.

"సార్, దీంట్లో ఒక్క తప్పు లేదు. స్క్రీన్ మీద కూడా నాకేం తేడా కనపడలేదు. సిస్టమ్‌లో ఏమన్నా లోపమేమో. మూడు నెలలు నేర్పింది మీరు. ఆమెకి వచ్చు అని మీరంటే నేను పాస్ వేసేస్తాను."

అంత తేలిక. ఒక్క మాట. కానీ వచ్చు అంటే, మరి ఎందుకు నడవలేదు అని ఆయన అడుగుతాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. సిస్టమ్‌లో లోపం అంటే ల్యాబు నాది, ప్రిన్సిపాల్ నన్నే అడుగుతారు. ఇవన్నీ ఒక్క క్షణంలో నా బుర్రలో తిరిగాయి.

"కంఠస్థం చేసి రాసి ఉంటారండీ. వయసు కదా" అన్నాను.

ఆయన ఒకసారి కాగితం వంక చూసి, తల ఊపి లోపలికి వెళ్లాడు. కిటికీ తలుపు తెరిచే ఉంది. టైపు మేడమ్ మమ్మల్నే చూస్తున్నారు. మా మాటలు వినపడేంత దగ్గర కాదు.

పదకొండు మందిలో పదిమంది పాసయ్యారు.

హాస్టల్ స్టోరుకు ఆవిడ పోలేదు. రాజీనామా రాసి, దాన్నీ చక్కగా టైపు చేసి, ఆఫీసులో ఇచ్చారు. టైపు గది తాళం చెవులు నాకప్పగించమన్నారట, ల్యాబులో ఉన్న నా దగ్గరికి వచ్చారు. చెవులు బల్లమీద పెట్టి నిలబడ్డారు.

"సార్, ఉద్యోగం పోతే పోయింది. నేను యాడ తప్పు చేసినానో అదొక్కటి చెప్పండి."

"సాధన చాల్లేదు మేడమ్" అన్నాను.

"మూడు నెల్లు చేసినానే సార్" అన్నారు. గొంతులో కోపం లేదు. నిజంగా అర్థంకాక అన్నారు. ఇంకేమైనా చెబుతానేమోనని కాసేపు చూసి, బస్సు టైమైందని వెళ్లిపోయారు.

తర్వాతి సంవత్సరం ల్యాబుకు కొత్త కంప్యూటర్లు వచ్చాయి. పాతవాటిలో ఫైళ్లు చూసి, అవసరమైనవి ఉంచి మిగతావి తీసేయమన్నారు. ఒక మధ్యాహ్నం కూర్చుని ఒక్కొక్కటే కొత్త కంప్యూటర్‌లోకి వేసి చూస్తున్నాను. ఆవిడ పేరుతో ఉన్న ఫోల్డరు వచ్చింది. పరీక్షనాటి ఫైలు దాంట్లోనే ఉంది.

తెరిచాను. కొత్త కంప్యూటర్‌లో ప్రోగ్రాములు రాసుకునే సాఫ్ట్‌వేరు కూడా కొత్తది. దాంట్లో అంకెలు ఒక రంగులో, పేర్లు ఇంకో రంగులో కనిపిస్తాయి. ఆవిడ ప్రోగ్రాంలో ఒకటి ఉండాల్సిన చోట ఉన్నది అంకెల రంగులో లేదు. దగ్గరికి జరిగి చూశాను. అది అంకె కాదు. ఇంగ్లీషు చిన్న ఎల్ అక్షరం. పది వరకు రావాలంటే పైథాన్‌లో పదకొండు అని రాయాలి; ఆ పదకొండు ఉండాల్సిన చోట రెండు ఎల్‌లు పక్కపక్కన ఉన్నాయి. పాత కంప్యూటర్లలో ఉన్న ఫాంటులో ఎల్‌కీ ఒకటికీ తేడా కనపడదు. ఎల్ అనే పేరు నాకెవరూ చెప్పలేదే అని పైథాన్ మొదటిరోజు నుంచీ మొత్తుకుంటూనే ఉంది. మేమంతా దాన్ని ఒకటి అని చదువుకున్నాం.

మూడు ఎల్‌లు తీసి ఒకట్లు పెట్టాను. ప్రోగ్రాం నడిచింది. అంకె అడిగితే ఏడు ఇచ్చాను, ఏడో ఎక్కం పది వరకు వచ్చి ఆగింది.

అంత పనితనం ఉన్న మనిషి ఒకటికి బదులు ఎల్ ఎందుకు కొడతారు? లేచి వెళ్లి టైపు గది తాళం తీశాను. పాత మిషన్ల మీద గుడ్డలు కప్పి ఉన్నాయి. ఒకదాని మీద గుడ్డ తీసి చూశాను. పై వరసలో అంకెలు రెండుతో మొదలయ్యాయి. ఒకటికి మీట లేదు. ఇంకో మిషన్ చూశాను, దానికీ లేదు. ఆ కాలపు మిషన్లలో ఒకటి కావాలంటే చిన్న ఎల్ కొట్టేవాళ్లు. ఆవిడ అలాగే నేర్చుకున్నారు, అలాగే నేర్పారు. కంప్యూటర్‌కు మారాక కూడా సర్క్యులర్లలో తేదీలన్నీ అలాగే కొట్టి ఉంటారు. కాగితం మీద అచ్చయ్యాక ఎల్ ఏదో ఒకటి ఏదో ఎవరికి తెలుస్తుంది? ఆవిడ వేళ్లు ఎటు పోతున్నాయో నేను ఒక్కసారి చూసి ఉంటే చాలు. మూడు నెలలూ స్క్రీనే చూశాను.

ఫైలు తీసుకుని ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్లాను. ఆయన అంతా విని, "అయ్యో" అన్నారు. నిజంగానే బాధపడ్డారు. తర్వాత, "ఆ పోస్టులోకి మనిషి వచ్చేశారు కదా సార్, ఇప్పుడెందుకు అయ్యన్నీ" అన్నారు.

ఇంకో నాలుగు రోజులు ఆగి, సెలవు పెట్టి, ఫైలు పెన్‌డ్రైవులో వేసుకుని స్కూటర్ మీద ఇందుకూరుపేట పోయాను. మండలాఫీసు ఎదురుగా జిరాక్సు కొట్టులో ఆవిడ కూర్చుంటున్నారని ఎవరో చెప్పారు. అర్జీలు టైపు చేయడం, ఆన్‌లైన్లో ఫారాలు నింపడం ఆమె పని. రొయ్యల గుంటల వాళ్లు, పట్టాదారు పాసుపుస్తకాల వాళ్లు బెంచీ నిండా ఉన్నారు. నన్ను చూసి లేచి నిలబడ్డారు.

"రాండి సార్, బాగుండారా? కూర్చోండి." పక్కనున్న స్టూలు లాగి, కుర్రాణ్ణి పంపి టీ తెప్పించారు.

దార్లో అంతా కూడబలుక్కుని వచ్చాను. టీ గ్లాసు చేతిలో పట్టుకుని మొదలుపెట్టాను. "మేడమ్, మీ తప్పు దొరికింది. మీరు ఒకటికి బదులు..."

"ఎల్ కొట్టినాను" అన్నారావిడ.

పెన్‌డ్రైవు కోసం జేబులోకి పోయిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"ఈడ చేరిన మొదటి వారంలోనే తెలిసిపోయింది సార్. ఒకామె ఆధార్ నంబరు కొడితే ఫారం తీసుకోలా. అంకెలు మాత్రమే వెయ్యాలని కింద ఎర్రగా వచ్చింది. అంకెలే గదా వేసింది అనుకున్నా. మళ్లా నా చెయ్యి చూసుకున్నా. అప్పుడు తెలిసింది." వేలెత్తి చూపించారు. "ముప్ఫయ్యేండ్ల అలవాటు. మార్చుకునేదానికి నెల పట్టింది."

"మరి కాలేజీకి వచ్చి చెప్పలేదే మేడమ్?"

"వచ్చి ఎవరికి చెప్పేది సార్?"

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందేమోనని వెతికాను. లేదు. పెన్‌డ్రైవు జేబులోనే ఉండిపోయింది. క్షమించమని అడగడానికి వచ్చాను, ఆ మాట ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. నేను టీ తాగుతుంటే ఆవిడ ఒక అర్జీ పూర్తిచేసి, ప్రింటు తీసి, ఒక పెద్దాయన చేతికిచ్చి, ఎక్కడ సంతకం పెట్టాలో చూపించారు. తర్వాత నా వైపు తిరిగారు.

"ఒకటి అడగతా సార్, ఏమనుకోబాకండి. పరీక్షకొచ్చినాయన ఆరోజు మిమ్మల్ని బయటికి పిలిచినాడు గదా. నా గురించేనా?"

బెంచీ మీద మనుషులు మా వంకే చూస్తున్నారు. వాళ్లు లేకపోయినా నేను అదే అని ఉండేవాణ్ణేమో.

"కాదు మేడమ్. ప్రింటరు పని చేయడం లేదని పిలిచాడు."

ఆవిడ నన్ను ఒక్క క్షణం చూశారు. "అట్నా సార్" అన్నారు. అని బెంచీ వైపు తిరిగి, "నువ్వు చెప్పన్నా, పేరేంది?" అని కీబోర్డు మీద చేతులు పెట్టారు. నేను లేచి వచ్చేశాను.

ఇది జరిగి కొన్నేళ్లయింది. తర్వాత నా దగ్గర పైథాన్ నేర్చుకున్న పిల్లలకు నేను నిజంగానే మంచి మాస్టారిని అయ్యాను. నాకు తెలియనిది వస్తే తెలియదని చెప్పి, గెస్టు లెక్చరర్ అమ్మాయిని పిలిచేవాణ్ణి. ఎవరి ప్రోగ్రామైనా నడవకపోతే వాళ్లను లేపి నేను కూర్చోవడం మానేసి, "మళ్లా కొట్టు, నేను నీ చెయ్యి చూస్తాను" అనేవాణ్ణి. మీరూ ఎవరికైనా నేర్పాల్సి వస్తే అలాగే చేయండి. ఆ పద్ధతి నాకెక్కడిదని పిల్లలు ఎప్పుడూ అడగలేదు, నేను చెప్పలేదు.

ఇందుకూరుపేట ఇప్పటికీ నాకు అరగంట దూరమే. ఆ కొట్టు ముందు నుంచి రెండుసార్లు వెళ్లాను, ఆగలేదు. ఎదురుగా నిలబడి చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను. మేడమ్, ఆయన అడిగింది ప్రింటరు గురించి కాదు. మీకు వచ్చా అని అడిగాడు. వచ్చని నేను చెప్పలేదు.